నేను ఎక్కించని డ్రైవర్, పోలారావు తప్పిన పరీక్ష

హార్బరులో ఓడలకి సరుకు ఎక్కించే, దించే ఒక ప్రైవేటు కంపెనీలో ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ల పని చేశాను. నాకు పేరు తెచ్చిన పనులు కొన్ని ఉన్నాయి గానీ, అవి ఇప్పుడు ఎవరికీ పనికిరావు. ఆ మెషిన్లూ లేవు, ఆ ప్రోగ్రాములూ లేవు. నేను చేసిన ఒక తప్పు మాత్రం ఈ రోజు ఉద్యోగంలో చేరిన వాళ్లు కూడా చేయగలరు. అందుకని దాని గురించే రాస్తున్నాను.

మా పని ఏమిటంటే

తొంభైల మొదట్లో నేను చేరినప్పుడు కంపెనీ మొత్తానికి నాలుగు కంప్యూటర్లు. ఏసీ గదిలో ఉండేవి. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు, నేను పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాస్తానని అనుకున్నాను. రాసింది తక్కువ. ఎక్కువగా చేసింది, ఎవరో ఒకరు ఫోన్ చేసి "మేడమ్, ఇది పనిచెయ్యట్లేదు" అంటే వెళ్లి చూడటం.

అలా వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది మెషిన్ కాదు, పిలిచిన మనిషి ఏమంటున్నాడో అది. లారీలు తూచే కాటా దగ్గర అప్పారావు అని ఒక గుమాస్తా ఉండేవాడు. "మేడమ్, మద్దేనం అయ్యేసరికి మా కంప్యూటర్‌కి నిద్దరొచ్చేత్తంది" అని నెల రోజులు చెప్పాడు. మా గదిలో అందరం నవ్వుకున్నాం. ఒక రోజు ఆ వేళకే వెళ్లి చూస్తే, పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా పెట్టె మీద పడుతోంది. అది వేడెక్కి ఆగిపోతోంది. అట్టముక్క అడ్డం పెడితే నయమైంది.

కంప్యూటర్ భాష రానివాడు తనకు కనబడ్డది కనబడ్డట్టు చెబుతాడు. మనకు భాష వచ్చు కాబట్టి వినకుండానే పేరు పెట్టేస్తాం. ఆ పాఠం నేర్చుకున్నానని అనుకున్నాను. పదేళ్ల తర్వాత మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ప్రభాకర్ కట్టిన కెర్నల్

రెండు వేల మూడు, నాలుగు ప్రాంతంలో మా శిక్షణ విభాగానికి క్రేన్ సిమ్యులేటర్ వచ్చింది. అంటే, క్రేన్ క్యాబిన్‌లో ఉండే కుర్చీ, రెండు పక్కలా లీవర్లు, ఎదురుగా గోడంత తెర. లీవర్ కదిపితే తెర మీద క్రేన్ కదులుతుంది. కొక్కేనికి ఉక్కు రేకు చుట్ట తగిలించి, ఓడ అడుగున సరుకు పెట్టే గదిలోకి దించాలి. గోడకి తగలకూడదు, ఊగకూడదు. కొత్తవాళ్లకి శిక్షణ, పాతవాళ్లకి మూడేళ్లకోసారి పరీక్ష.

దీన్ని నడిపే కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. అందులో కెర్నల్ మాత్రం మా ప్రభాకర్ సొంతంగా కట్టింది. ప్రోగ్రాములకీ, మెషిన్ భాగాలకీ మధ్య నిలబడి అన్నింటినీ నడిపించే మూలభాగాన్ని కెర్నల్ అంటాం. మామూలు కెర్నల్‌తో లీవర్ల కదలిక ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా అందేది. ప్రభాకర్ కెర్నల్ మూలప్రతి, అంటే సోర్సు, తీసుకుని, అక్కర్లేనివి తీసేసి, కావలసినవి కలిపి మళ్లీ కట్టాడు. ఆ తర్వాత లీవర్లు గడియారంలా పనిచేశాయి.

ప్రభాకర్ మా విభాగంలో అందరికంటే తెలివైనవాడు. ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాడు. మంచివాడు, అడిగితే కాదనడు. కానీ చేసిన పని ఎక్కడా రాసి పెట్టడు. "రాసుకోడానికేటుంది మేడమ్, నాకు గుర్తే కదా" అనేవాడు. ఆరు నెలల తర్వాత హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అతని గుర్తు కూడా అతనితోనే వెళ్లిపోయింది.

ఆ శనివారం

ఒక వేసవిలో సిమ్యులేటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. తెర మీద బొమ్మని గీసేది ఆ కార్డే. పాత రకం దొరకలేదు, కొత్త రకం తెప్పించారు. సోమవారం నుంచి పరీక్షలు. శనివారం పొద్దున కార్డు నా చేతికి వచ్చింది.

కార్డు బిగించడం పది నిమిషాల పని. దాని డ్రైవర్ ఎక్కించడం అసలు పని. డ్రైవర్ అంటే, ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కి నేర్పే చిన్న ప్రోగ్రాము. మామూలు కెర్నల్ అయితే కార్డుతో వచ్చిన సీడీ పెడితే అదే ఎక్కుతుంది. సొంతంగా కట్టిన కెర్నల్ అయితే, ఏ మూలప్రతి నుంచి ఆ కెర్నల్ కట్టారో అదే మూలప్రతిని చూపించి, డ్రైవర్‌ని దానికి సరిపడేలా అక్కడికక్కడ తయారుచేసుకోవాలి. చొక్కా కుట్టడానికి ఆ మనిషి కొలతలే కావాలి కదా, అలాగ.

మెషిన్‌లో ఒక మూలప్రతి ఉంది. అదే అనుకున్నాను. డ్రైవర్ తయారైంది గానీ కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వలేదు. వెర్షన్ కలవడం లేదని తిప్పికొట్టింది. బలవంతంగా ఎక్కిస్తే మెషిన్ బిగుసుకుపోయింది. మూడుసార్లు అదే జరిగింది. మధ్యాహ్నం మూడయింది. ప్రభాకర్‌కి ఫోన్ చేస్తే తియ్యలేదు.

శిక్షణ విభాగం పెద్ద శేషగిరిరావు గారు తలుపు దగ్గర నిలబడ్డారు. గోదావరి జిల్లా మనిషి, భీమవరం వైపు. ఎప్పుడూ గొంతు పెంచరు. చేతిలో పరీక్షల జాబితా ఉంది.

"సోమవారానికి అవుతుందాండి సుశీల గారూ? కాదంటే ఇప్పుడే చెప్పేయండి, ఏం పర్లేదు. అందరికీ కబురు పెట్టి ఆపేస్తాను."

ఆయన నాకు దారి ఇచ్చారు. "ఇంకో వారం కావాలండి" అంటే సరిపోయేది. నేను అనలేదు. అవుతుందన్నాను.

ఆయన వెళ్లాక, లినక్స్‌తో పాటు వచ్చే సాధారణ డ్రైవర్‌ని పెట్టాను. అది ఏ కార్డుతోనైనా ఎలాగోలా బొమ్మ చూపిస్తుంది. కానీ కార్డు బలాన్ని వాడదు, బొమ్మ గీసే బరువంతా ప్రాసెసర్ మీద వేస్తుంది. తెర వెలిగింది. ఖాళీ యార్డు, ఖాళీ కొక్కెం. లీవర్ కదిపితే కదిలింది. మెషిన్ రాసుకునే చిట్టాలో ఒక వరుస ఉంది, కార్డు వేగాన్ని వాడటం లేదని. చదివాను. పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

దించాల్సిన ఓడ, ఉక్కు చుట్టలు, గోడలు, నీళ్లు, ఇవన్నీ ఉన్న దృశ్యాన్ని పెట్టి చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలుసు. చూస్తే ఏం కనబడుతుందో అని భయం. ఇది తెలియక చేసిన తప్పు కాదు. అందుకే రాస్తున్నాను.

పోలారావు

పోలారావు గారు ఇరవై రెండేళ్లుగా క్రేన్ నడుపుతున్న మనిషి. యాభై దాటాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు, చుట్టలు దించాల్సిన ఓడ వస్తే, ఏ షిఫ్టులో ఉన్నా ఆయన్నే పిలిచేవారు. ఓడలు ఆగే బెర్తు మీద అది అందరికీ తెలుసు.

ఆ పరీక్షలో ఆయన తప్పారు. చుట్టని మూడుసార్లు ఓడ గోడకి కొట్టారు. ఆయన తర్వాత కూర్చున్న కుర్రాళ్లు ఇద్దరూ పాసయ్యారు. శేషగిరిరావు గారు ఇంకోసారి అవకాశం ఇచ్చారు. రెండోసారి ఇంకా ఎక్కువ ఊగింది. రిపోర్టులో "స్పందన నెమ్మదించింది, వయసు రీత్యా" అని రాశారు. క్రేన్ నుంచి దింపి, కింద చుట్టల మీద నంబర్లు చూసి కాగితం మీద రాసే పనిలో వేశారు. కళ్లు పరీక్ష చేయించారు. కళ్లు బాగున్నాయన్నారు. దాంతో లోపం చేతిదేనని ఖాయమైపోయింది.

ఇవన్నీ నాకు తెలుసు. పాపం అనుకున్నాను. అంతే అనుకున్నాను.

బస్సులో

మాది గోపాలపట్నం. పొద్దున బస్సులో హార్బరుకి వెళ్లేదాన్ని. రెండు వారాల తర్వాత ఒక పొద్దున బస్సెక్కితే, పోలారావు గారు కనబడ్డారు. పెందుర్తిలో ఎక్కినట్టున్నారు, కిటికీ పక్కన కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ స్కూటరు మీద వచ్చే మనిషి. నన్ను చూసి జరిగి చోటిచ్చారు.

"బండేమైందండీ?" అన్నాను.

"అల్లుడికి ఇచ్చీసినానమ్మా."

"అదేమిటి, మీకు అక్కర్లేదా?"

"మరేటి సేత్తాను. సెయ్యి ఆలస్యమైపోతందని కాయితం మీద రాసీసారు కదా. రోడ్డు మీద ఎవలైనా పిల్లో పాపో అడ్డొత్తే? బ్రేకు పట్టీలోగా గుద్దీనా?"

ఆయన గొంతులో కోపం లేదు. వర్షం పడుతోంది అన్నట్టు చెప్పారు. మళ్లీ ఆయనే అన్నారు.

"నాకొకటి అర్దం కాలేదమ్మా. క్రేను మీద ఇప్పటిదాకా ఎప్పుడూ అలాగవలేదు. ఆ మిషను కాడ కూకుంటే, నాను లీవరు లాగీసినాకా బొమ్మ కదుల్తంది. కదల్లేదేటని ఇంకాస్త లాగితే, లాగిన రెండూ ఒక్కసారే కదిలీత్తన్నాయి. ఆపుదామంటే దాటిపోతంది. ఈ ముక్క సారుతో అన్నాను. ముసిలితనం బాబూ అని బుజం తట్టినారు. నిజమే కాబోలు."

ఆ శనివారం నేను పెట్టిన సాధారణ డ్రైవర్ గుర్తొచ్చింది. బస్సు శబ్దంలో ఇంకేం మాట్లాడారో వినబడలేదు. దిగాక ఆయన కాగితాల అట్ట చంకలో పెట్టుకుని బెర్తు వైపు వెళ్లారు. నేను నేరుగా సిమ్యులేటర్ గదికి వెళ్లాను.

శనివారం పెట్టి చూడని దృశ్యాన్ని పెట్టాను. ఓడ, చుట్టలు, నీళ్లు, అన్నీ. కుర్చీలో కూర్చుని లీవర్ లాగాను. ఒకటి అనుకునేలోపు కదలలేదు. తర్వాత కదిలింది. అర సెకను ఉంటుంది.

అప్పుడు అర్థమైంది. కుర్రాళ్లకి చేతిలో అలవాటు లేదు. కొంచెం కదిపి, తెర చూసి, ఆగి, మళ్లీ కదిపారు. ఆలస్యం వాళ్లకి తెలియనే లేదు. పోలారావు గారి చేతికి ఇరవై రెండేళ్ల లెక్క ఉంది. క్రేన్ ఎప్పుడు కదలాలో ఆ చేతికి తెలుసు. కదలకపోతే వెంటనే సరిచేసింది. సరిచేసిన ప్రతిసారీ తప్పయింది. మెషిన్‌లో తప్పు ఉందని పట్టుకున్నది మా కంపెనీలో ఆ చెయ్యి ఒక్కటే. దాన్నే పనికిరాదన్నాం.

బీరువాలో సీడీ

ప్రభాకర్ ఈసారి ఫోన్ తీశాడు.

"మెషిన్లో ఉన్న సోర్సు కాదు మేడమ్, అది లినక్స్‌తో వచ్చినది. నాను కట్టింది వేరేది. సీడీ మీ గదిలో బీరువాలోనే ఉంది, కింద అరలో. పాత పాటల సీడీ కవర్లో పెట్టీసాను."

"పాటల కవర్లో పెడితే ఎవరికి తెలుస్తుంది ప్రభాకర్?"

"ఏటైంది మేడమ్?" అన్నాడు. చెప్పాను. పోలారావు గారు అతనికీ తెలుసు. సిమ్యులేటర్ పెట్టిన కొత్తలో లీవర్ల బిగువు సరిచేయడానికి ఆయన్నే కూర్చోబెట్టాడట. ఆ రోజు తన ఆఫీసు పని పక్కన పెట్టి, ఫోన్ వదలకుండా నాతో ఉన్నాడు. మూలప్రతిని మెషిన్ భాషలోకి మార్చి కెర్నల్ కట్టిన కంపైలర్ కూడా పాతదని, కొత్త కంపైలర్‌తో కట్టిన డ్రైవర్ దాంతో కలవదని అతను చెప్పకపోతే నాకు ఇంకో వారం పట్టేది. పాత కంపైలర్ పెట్టాం. అతని మూలప్రతి, అతని అమరికల ఫైలు పెట్టాం. సాధారణ డ్రైవర్ తీసేశాం. అసలు డ్రైవర్ కట్టాం. కెర్నల్ ఈసారి తిప్పికొట్టలేదు. మధ్యాహ్నం భోజనానికి ముందే ఓడ, చుట్టలు, నీళ్లు అన్నీ లీవర్‌తో పాటు కదిలాయి.

సంతోషించాల్సిన వేళ. నాకు ఏడుపొచ్చింది.

చెప్పడం

శేషగిరిరావు గారి గదికి వెళ్లి నిలబడే చెప్పాను. డ్రైవర్ ఎక్కలేదని నాకు తెలుసనీ, తెలిసే అవుతుందన్నాననీ కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను.

"ఈ పదిహేను రోజుల్లో ఎంతమంది కూర్చున్నారమ్మా?"

"తొమ్మిది మంది సార్."

"తొమ్మిది మందికీ మళ్లీ పెట్టాలి. పాసైనవాళ్లకి కూడానండి." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "పోలారావు గారు నాకు చెప్పారండి, బొమ్మ ఆలస్యంగా వస్తోందని. నేను భుజం తట్టి పంపించేశాను. మీది ఒక తప్పయితే నాది రెండోది."

నా ఉద్యోగ జీవితంలో చాలామంది పైవాళ్లని చూశాను. కింది మనిషి తప్పు ఒప్పుకుంటే, అందులోంచి తమ భాగాన్ని మెల్లగా తుడిచేసుకునేవాళ్లే ఎక్కువ. ఈయన లేచి నాతో బెర్తు మీదకి వచ్చారు. ఎండలో చుట్టల మధ్య నంబర్లు రాసుకుంటున్న పోలారావు గారికి, పక్కన పదిమంది వింటుండగా విషయం చెప్పి, చేతులు జోడించారు. నేను కూడా నా మాట చెప్పాను. మెషిన్ పాడైందని కాదు, నేను సరిగా చెయ్యలేదని.

పోలారావు గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. కుడి చెయ్యి తిప్పి అరచేతిని చూసుకున్నారు.

"అయితే ఇది బాగానే ఉందేటి?" అన్నారు.



మళ్లీ పరీక్ష

కథ ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. మళ్లీ పెట్టిన పరీక్షలో కూడా ఆయన తప్పారు.

మెషిన్ ఈసారి బాగుంది. నేనే నాలుగుసార్లు చూశాను. చూస్తుంటే కారణం తెలిసింది. ఆయన లీవర్‌ని ఇంత కదిపి ఆగుతున్నారు. బొమ్మ కోసం చూస్తున్నారు. మళ్లీ ఇంత కదుపుతున్నారు. రెండు వారాలు తన చేతిని తాను నమ్మకుండా ఉండటం నేర్చుకున్నారు. అలా నేర్పించింది నేను. డ్రైవర్ తప్పుగా ఎక్కితే తీసి మళ్లీ ఎక్కించవచ్చు. ఇది అలాంటిది కాదు.

శేషగిరిరావు గారు ఆ రోజు ఏమీ రాయలేదు. "పరీక్ష లేదు, ఏం లేదు. పని వేళ అయ్యాక రోజూ ఓ గంట వచ్చి కూర్చోండి పోలారావు గారూ. ఎవరూ చూడరు" అన్నారు. ఆయన వచ్చారు. మొదటి రెండు రోజులూ అలాగే బెదురుతూ నడిపారు. నేను పక్క గదిలో ఉండేదాన్ని, పిలిస్తే వెళ్లేదాన్ని. నాలుగో రోజో, అయిదో రోజో, లోపల్నుంచి ఆయన ఎవరినో విసుక్కుంటున్నట్టు వినబడింది. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. తెర మీద ఓడని తిడుతున్నారు. "అలాగ అడ్డంగా కట్టీసినారేటి ఓడని, ఏ బుద్ది లేనోడు కట్టినాడు" అంటూ చుట్టని గోడకి జానెడు దూరంలోంచి దించి, ఊగకుండా నేలకి ఆనించారు. చెయ్యి తెర కోసం ఆగలేదు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

ఆ వారాంతంలో పరీక్ష పెట్టారు. పాసయ్యారు. క్రేన్ మీదకి తిరిగి వెళ్లారు.

అందరికీ మంచే జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదట పాసైన కుర్రాళ్లలో ఒకతను మళ్లీ పెట్టినప్పుడు తప్పాడు. ఆలస్యంగా కదిలే బొమ్మతో నిదానంగా నెగ్గుకొచ్చినవాడు, అసలు వేగంలో తట్టుకోలేకపోయాడు. "మీరు సేసిన తప్పుకి నా ఉద్యోగమేటి మేడమ్?" అన్నాడు. న్యాయమైన మాటే. ఇంకో నాలుగు నెలలు శిక్షణ తీసుకున్నాక గానీ అతనికి క్రేన్ రాలేదు. చాలా కాలం నాతో మాట్లాడలేదు.

కొత్తవాళ్లకి

తెర వెలిగితే పని అయిపోయినట్టు కాదు. దాని ముందు కూర్చోవాల్సిన మనిషి కూర్చుని చూశాకే అయినట్టు. మీరు కట్టిన కెర్నల్ మూలప్రతి ఎక్కడ ఉందో, ఏ కంపైలర్‌తో కట్టారో, ఒక కాగితం మీద రాసి పెట్టె మీదే అంటించండి. చిట్టాలో ఇబ్బంది పెట్టే వరుస కనబడితే, ఆ రోజే పైవాళ్లకి చెప్పండి. గడువు అడగడం సిగ్గుపడే పని కాదు.

మరుసటి ఏడాది ఆ సిమ్యులేటర్‌కి కెర్నల్ మార్చాల్సి వచ్చింది. డ్రైవర్ కట్టాను, ఎక్కించాను, బరువైన దృశ్యాలన్నీ పెట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. అయినా పోలారావు గారికి కబురు పెట్టాను. షిఫ్టు దిగి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఒక చుట్ట దించారు. ఏ తేడా లేదు.

"అయిపోయిందని రాసెయ్యమంటారా?" అన్నాను.

"ఉండమ్మా, కంగారేటి" అన్నారు. గాలి పెంచమన్నారు, పెంచాను. ఇంకోటి దించారు. ఓడని కొంచెం ఊగించమన్నారు, ఊగించాను. ఇంకోటి దించారు. నేను కాగితం పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడే ఉన్నాను. చివరికి లీవర్లు వదిలేసి, నా వైపు తిరిగారు.

"ఇప్పుడు రాయి" అన్నారు.